మైసూరుపాకు: మూడు వస్తువులతో తయారగు మిఠాయి

మన పెండ్లిండ్లలో ఆడపడుచును అత్తవారింటికి సాగనంపునపుడు సారెగా పంపు మిఠాయిలలో మైసూరుపాకునకు ఒక స్థానము కలదు. లడ్డు, కాజా, అరిసె, సున్నుండల సరసన పసుపువన్నె పలకలుగా ఇదియు బుట్టలలో చేరి, బంధుమిత్రుల ఇండ్లకు పంచిపెట్టబడుచుండును. ఇంతగా పరిచయమున్న వంటకమే అయినను, దీనిని ఇంటిలో చేయవలెనన్నచో చాలమంది గృహిణులు వెనుకాడుదురు. లడ్డు కుదరకున్నచో మరల చుట్టవచ్చును. పాకు కుదరకున్నచో అది రాయియో, ముద్దయో, పొడియో అయి కూర్చుండును. అందు పోసిన నేయియంతయు వ్యర్థమగును. అందుచేతనే "అది చేయి తిరిగినవారికే సాధ్యము" అను మాట వాడుకలోనికి వచ్చినది.

చేయి తిరుగుట మంచిదే. కాని చేయి తిరిగినవారు తెలిసియో తెలియకయో పాటించు నియమములు కొన్ని కలవు. అవి తూకమునకు, వేడికి, సమయమునకు సంబంధించినవి. వానిని కారణములతో సహా గ్రహించినవారికి పాకు తప్పక కుదురును. నేడు గ్రామములలో మహిళా స్వయం సహాయక సంఘములవారు మిఠాయిలు చేసి పండుగలకు అమ్ముచున్నారు. ఒక్క వాయి చెడినను వారికి పెట్టుబడి నష్టము. సరకు కల్తీదైనచో కొన్నవారికి ఆరోగ్య నష్టము. ఈ రెండు నష్టములను తప్పించుకొను మార్గమును తెలుపుటయే మా యీ వ్యాసమున ఉద్దేశము.

పుట్టిన చోటు

మైసూరుపాకు పేరులోనే దాని ఊరును, దాని పద్ధతియు కలవు. పంచదారను గాని బెల్లమును గాని నీటితో కాచి చిక్కబరచినదానిని మనము పాకమందుము. ఈ మిఠాయి మైసూరు రాజప్రాసాదపు వంటశాలలో పుట్టినదని ప్రసిద్ధి. నాలుగవ కృష్ణరాజ ఒడయరు 1894లో బాల్యముననే సింహాసనమునకు వచ్చి, 1902లో పాలనాధికారమును స్వీకరించి, 1940లో మరణించువరకు మైసూరు సంస్థానమును ఏలెను. ఆయన వంటశాలలో కాకాసుర మాదప్ప అను వంటవాడు ఉండెను. ఒకనాడు ఆయన శనగపిండి, నేయి, పంచదార కలిపి కొత్త మిఠాయి నొకదానిని సిద్ధపరచెననియు, రాజు రుచిచూచి దాని పేరేమని అడుగగా అప్పటికప్పుడు ఊరి పేరును, పాకమును కలిపి చెప్పెననియు అందురు. మాదప్ప వంశీయుల మిఠాయి దుకాణము మైసూరు నగరమున సయ్యాజీరావు రోడ్డులో ప్రసిద్ధమై యున్నది. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది గాని, మిఠాయి పేరు మాత్రము మారలేదు.

ఇందు రెండు రకములు వాడుకలో నున్నవి. ఒకటి నోటిలో వెన్నవలె కరగు మెత్తని రకము. రెండవది లోపల సన్నని రంధ్రములతో, కొరికినంతనే పొడిపొడిగా రాలు గుల్లరకము. మన ఇండ్లలో పూర్వమునుండి సారెలకు పంపునది ఈ రెండవదే. ఇది కొన్ని దినములు నిలువ యుండును, బుట్టలో చితుకదు. మేము వివరించునది ఈ గుల్లపాకును గూర్చియే.

శనగపిండి

మొదటి వస్తువు శనగపిండి. ఇది మన రైతుల పంటయే. ప్రకాశము, కర్నూలు, కడప, అనంతపురము ప్రాంతముల నల్లరేగడి భూములలో అక్టోబరు, నవంబరు మాసములందు శనగను విత్తుదురు. నేలలో నిలిచిన తేమయే ఆ పైరునకు ముఖ్యాధారము. జబల్‌పూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయమును, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు కలిసి రూపొందించిన జె.జి. 11 అను రకము 1999లో విడుదలైన పిదప ఈ ప్రాంతములలో బాగుగా వ్యాపించినది. శనగలను మూటలతో అమ్ముట ఒక పద్ధతి. వానిలో కొంత భాగమును పప్పుగా, పిండిగా, మిఠాయిగా మార్చి అమ్ముట మరియొక పద్ధతి. రెండవ పద్ధతిలో కూలియు, లాభమును ఊరిలోనే నిలుచును.

పిండిని బజారున కొనుటకంటె శనగపప్పును కొని, ఏరి, ఎండబెట్టి, మరలో ఆడించుకొనుట శ్రేష్ఠము. పాతపిండి చేదెక్కును. ఆ చేదును ఎంత నేయి పోసినను దాచజాలము. మరలో మనకు ముందు మిరపకాయలు గాని జొన్నలు గాని ఆడి యుండవచ్చును. కావున మొదట దిగు రెండు గుప్పెళ్ళ పిండిని వేరుగా తీసివేయవలెను. పిండి సన్నగా నుండవలెను. సన్నని జల్లెడతో రెండుమారులు జల్లించినచో ఉండలు కట్టదు.

ఇంటిలో ఆడించుకొనుమని చెప్పుటకు మరియొక బలమైన కారణము కలదు. శనగపిండిలో లంకపప్పు పిండిని కలుపు దురాచారము కలదు. లంకపప్పునే ఉత్తరదేశమున కేసరిపప్పు అందురు. దానియందలి ఒక విషపదార్థమును 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. ఆ పప్పును కొన్ని మాసములపాటు ముఖ్యాహారముగా తిన్నవారికి కాళ్ళు బిగుసుకొనిపోయి, నడక పడిపోవుట కలదు. అట్లు వచ్చిన అవిటితనము మరల కుదురుట అరుదు. ఒక మిఠాయి ముక్కతో ఇంత కీడు కలుగదు. అయినను ప్రతిదినము పిండివంటలలో, బజ్జీలలో తెలియకయే తినుచుండుట క్షేమము కాదు. పిండియైన పిదప కంటితో చూచి దీనిని గుర్తింపజాలము. గింజగా నున్నపుడు గుర్తింపవచ్చును. శనగ గింజ ఒకవైపు ముక్కు కలిగి గుండ్రముగా నుండును. లంకపప్పు గింజ అంచులు తేలి, ఒకవైపు వాలుగా చెక్కినట్లు చదరముగా నుండును.

నేయి, పంచదార

రెండవ వస్తువు నేయి. ఆవునేయి గాని, గేదెనేయి గాని వాడవచ్చును. వనస్పతి కలిపినచో పాకు చల్లారిన పిదప అంగిటికి మైనమువలె అంటుకొనును, సువాసన యుండదు. నేతిలో ఉడికించి మెదిపిన బంగాళాదుంపను గాని, చిలగడదుంపను గాని కలుపువారును కలరు. దీనిని తెలిసికొను పరీక్ష సులభము. గాజు గిన్నెలో అరచెంచా నేయి తీసికొని, రెండు మూడు చుక్కల టింక్చరు అయోడిను వేయవలెను. నీలిరంగు వచ్చినచో అందు దుంపపిండి చేరినదని అర్థము. పరీక్షించిన నేతిని పారవేయవలెను.

మూడవది పంచదార. సీమలోను, తెలంగాణములోను దీనినే చక్కెర యందురు. శుభ్రమైన తెల్లని పంచదార చాలును. మలినము కనబడినచో పాకము పొంగునపుడు రెండు చెంచాల పాలు పోసినచో మురికి పైకి తేలును. దానిని గరిటెతో తీసివేయవచ్చును.

ఈ మూడింటికి మించి మరేమియు అక్కరలేదు. ముఖ్యముగా రంగు అక్కరలేదు. శనగపిండికి సహజమైన పసుపువన్నె కలదు. మెటానిల్ ఎల్లో అను పసుపు రంగు ఆహారములలో వాడుటకు అనుమతి లేనిది, హానికరమైనది. మిఠాయి మరీ నిగనిగలాడు పసుపుగా కనబడినచో అది గుణము కాదు, అనుమానింపదగిన లక్షణము.

తూకము

పావుకిలో శనగపిండికి అరకిలో పంచదార, అరకిలో నేయి, పావులీటరు నీరు. ఇది తూకమున చెప్పిన ప్రమాణము. ఒక గిన్నె పిండికి రెండు గిన్నెల పంచదార, రెండు గిన్నెల నేయి అని చెప్పు గిన్నె కొలత వేరు. ఒకే గిన్నెతో కొలిచినపుడు పిండి తూకము పంచదార తూకములో సుమారు సగమే యుండును. ఒకరు గిన్నెతో చెప్పిన లెక్కను వేరొకరు త్రాసుతో పాటించినందువలననే చాల పాకులు చెడుచున్నవి. సంఘముగా చేసి అమ్మువారు త్రాసునే వాడవలెను. అపుడే ఈ వాయి, వచ్చు వాయి ఒకే తీరున నుండును.

చేయు విధానము

పని ఆరంభించుటకు ముందే అంగుళమున్నర లోతుగల పళ్ళెమునకు నేయి రాసి పొయ్యి ప్రక్కన నుంచుకొనవలెను. పాకు సిద్ధమైన పిదప పళ్ళెము వెదకుకొనుటకు వ్యవధి యుండదు.

మొదట జల్లించిన పిండిని అడుగు మందముగా నున్న మూకుడులో సన్నని సెగపై పచ్చివాసన పోవువరకు వేయింపవలెను. రంగు మారకూడదు. దానిని దింపి, అరకిలో నేతినుండి నాలుగు చెంచాల నేయి తీసి పిండికి పట్టింపవలెను. పిండిరేణువులకు నేయి పట్టియున్నచో పాకములో వేసినపుడు ఉండలు కట్టవు.

మిగిలిన నేతిని వేరొక పొయ్యిపై వేడిచేసి, సన్నని సెగపై అట్లే వేడిగా నుంచవలెను. ఇది అతి ముఖ్యము.

పిమ్మట పంచదారను నీటితో కలిపి మూకుడులో కాచవలెను. ఉత్త నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. పంచదార కరిగిన నీరు అంతకంటె ఎక్కువ వేడిలోగాని మరుగదు. నీరు ఆవిరియై పాకము చిక్కబడిన కొలది ఆ వేడి పెరుగుచుండును. సుమారు 105 డిగ్రీల వద్ద తీగపాకము వచ్చును. ఉష్ణమాపకము లేనివారు ఒక చుక్క పాకమును గరిటెనుండి తీసి, చల్లారిన పిదప బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ నుంచి సాగదీసి చూడవలెను. తెగక ఒక్క తీగ సాగినచో అదియే సమయము. తీగ సాగనిది లేతపాకము. నీటిలో వేసినపుడు ఉండ కట్టునది ముదురుపాకము. పాకము ముదిరినట్లు తోచినచో పిండి వేయుటకు ముందే రెండు మూడు చెంచాల నీరు పోసి, మరల తీగకు తేవచ్చును. పిండి వేసిన పిదప ఈ దిద్దుబాటునకు వీలులేదు.

తీగ వచ్చినంతనే సెగ తగ్గించి, ఒకరు పిండిని కొద్దికొద్దిగా చల్లుచుండగా మరియొకరు ఆపక కలుపవలెను. పిండియంతయు కలిసి ఉడుకుచున్నపుడు, వేడినేతిని ఒక్కొక్క గరిటె చొప్పున పోయుట మొదలిడవలెను. పోసిన ప్రతి గరిటెకు మిశ్రమము చుయ్యిమని నురుగెత్తవలెను. ఆ నేయి ఇంకిన పిదపనే మరియొక గరిటె పోయవలెను. ఇట్లు పదునైదు ఇరువది నిముషములలో మిశ్రమము తేలికపడి, గుల్లగా పొంగి, మూకుడు అంచులను వదలి, త్రాగిన నేతిని మరల వెలిగ్రక్కుట మొదలిడును. కమ్మని వేపుడువాసన వచ్చును. ఆ క్షణమున జాగుచేయక పళ్ళెములో పోయవలెను. గరిటెతో పైన అదిమినచో రంధ్రములు మూసికొనిపోవును. కావున పళ్ళెమును మెల్లగా కదిపి సర్దవలెనే గాని అదుమరాదు. అయిదు పది నిముషములకు, ఇంకను వేడిగా నున్నపుడే, కత్తితో ముక్కలుగా గీయవలెను. చల్లారిన పిదప కోసినచో ముక్కలు పగిలిపోవును. పళ్ళెమును ఒకవైపు వాల్చి యుంచినచో మిగులు నేయి దిగును. దానిని తీసి వేరొక వంటకు వాడుకొనవచ్చును.

గుల్లదనము ఎట్లు వచ్చును?

పాకములో నీరు కలదు. నేయి 100 డిగ్రీలకు మించిన వేడితో నుండును. ఆ నేయి తగిలినంతనే నీరు ఆవిరియై బయటకు తన్నుకొని వచ్చును. ఆ ఆవిరి చేసిన దారులే మనము చూచు రంధ్రములు. ఉడికిన పిండి ఆ రంధ్రముల గోడలను నిలబెట్టును. నీరు పోయిన కొలది పంచదార చిక్కబడి, చల్లారునపుడు సన్నని పలుకులుగా పేరుకొనును. ఆ పలుకులు ఒకదానితో నొకటి అతుకుకొని గట్టి పలకగా మారకుండ నేయి నడుమ పొరయై నిలుచును. అందుచేతనే కొరికినపుడు పాకు విరుగక రాలును. చల్లని నేయి పోసినచో ఆవిరి పుట్టదు, రంధ్రములు రావు, మిగులునది హల్వావంటి ముద్దయే. ముక్క నడుమ ఎఱ్ఱగాను, అంచులు లేతగాను ఉండుటకు కారణము కూడ వేడియే. అంచులు త్వరగా చల్లారును. నడిమిభాగము చాలసేపు వేడిగా నిలిచి ఇంకను వేగుచుండును.

ఈ సంగతి తెలిసినచో దోషములకు కారణము తెలిసికొనుట సులభము. రాయివలె గట్టిపడినచో పాకము ముదిరినదని తెలియవలెను. ముద్దగా సాగినచో పాకము లేతగా నుండెననియో, తొందరపడి దింపితిమనియో గ్రహింపవలెను. ముక్క నిలువక ఇసుకవలె పొడియైనచో దింపుటలో ఆలస్యము జరిగినది. పచ్చివాసన కొట్టినచో పిండి చాలినంత వేగలేదు.

ప్రమాదములు

వేడినేయి, మరుగు పాకము రెండును నీటికంటె భయంకరముగా కాల్చును, చర్మమునకు అంటుకొనును. పొడుగు పిడిగల గరిటెను వాడవలెను. నూలుచీర కట్టి, కొంగు బిగించుకొనవలెను. పిల్లలను వంటయింటి దరికి రానీయరాదు. తడిగరిటెను వేడినేతిలో ముంచరాదు. నేతికి నిప్పంటుకొన్నచో నీరు పోయుట ప్రాణాపాయము. పొయ్యి ఆర్పి, పాత్రపై మూత పెట్టవలెను. చేయి కాలినచో వెంటనే చల్లని పారు నీటిక్రింద ఇరువది నిముషములుంచి, వైద్యునికి చూపవలెను. పసుపు, సిరా, నేయి పూయరాదు.

అమ్మకము

అమ్మదలచిన సంఘములవారు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది లెక్క. పిండి, పంచదార, నేయి ఎంత పడినది, మిగులు నేయి ఎంత దిగినది, చల్లారిన పిదప ముక్కలు ఎంత తూగినవి అను వివరములను ప్రతి వాయికి పుస్తకమున వ్రాయవలెను. వంటచెరకు గాని గ్యాసు గాని అయిన ఖర్చు, పనిచేసినవారి కూలి, పెట్టెల ధర కలుపక కిలో ధర నిర్ణయించువారు, లాభమని తలంచి తమ కూలినే పంచుకొనుచుందురు. ఈ సరకులలో అన్నిటికంటె ఖరీదైనది నేయి. దానిని తగ్గించి వనస్పతి కలుపవలెనను ఆశ అచ్చటనే పుట్టును. అట్లు చేసినవారు ఒక పండుగకు లాభపడి, మరుపండుగకు కొనువారిని పోగొట్టుకొందురు.

రెండవది చట్టము. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమునకు బదులుగా 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము చేయబడినది. ఇంటిలో చేసి అమ్ము చిన్న వ్యాపారులు సైతము దాని క్రింద రిజిస్ట్రేషను పొందవలెను. పెట్టెలలో కట్టి అమ్మునపుడు అందలి వస్తువుల పేర్లు, నికర తూకము, తయారైన తేదీ మున్నగు వివరములు ముద్రింపవలెను. విడిగా అమ్ము మిఠాయిలను ఏ తేదీలోపల తినవలెనో దుకాణమున తెలుపవలెనని 2020 అక్టోబరు 1 నుండి ఆదేశము అమలునకు వచ్చినది.

మూడవది నిలువ. పాకు పూర్తిగా చల్లారిన పిదపనే డబ్బాలో పెట్టవలెను. వేడిగా మూసినచో ఆవిరి నీరై దిగి, ముక్కలు మెత్తబడి, బూజుపట్టును. తడిచేయి తగులరాదు.

ఎంత తినవలెను?

ఇది పండుగ మిఠాయియే గాని నిత్యాహారము కాదు. గ్రాము పిండికి గాని, పంచదారకు గాని సుమారు 4 కేలరీలు, గ్రాము నేతికి 9 కేలరీలు కలవు. పైన చెప్పిన వాయికి మొత్తము సుమారు 7,500 కేలరీలగును. దిగిన నేతిని లెక్కింపనిచో 40 గ్రాముల ముక్క ఒక్కటి 240 కేలరీలకు దగ్గరగా నుండును. శనగలో మాంసకృత్తులున్నను, ఈ మిఠాయిలో పిండి అయిదవ వంతు మాత్రమే. పిల్లలకు బలమునకై శనగలు ఉడికించి పెట్టుట మేలు. మధుమేహము, గుండెజబ్బు కలవారు వైద్యుని సలహా ననుసరింపవలెను. ఇతరులకును పండుగనాడు ఒక ముక్క చాలును.

గ్రామసోదరీమణులు మొదటనే పెద్దవాయికి పూనుకొనక, పావుకిలో పిండితో ఆరంభింపవలెనని మా మనవి. తీగపాకమును వ్రేళ్ళతో గుర్తుపట్టుట, నేతిని వేడిగా నుంచుట, సమయమునకు దింపుట అను మూడును అలవడిన పిదప, రెండు మూడు కిలోలు చేయుట కష్టము కాదు. చేయి తిరిగిన ముసలమ్మ ఊరిలో నున్నచో ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్చుకొనుట ఇంకను మేలు. ఆమె చేతికి తెలిసినదానిని త్రాసుతో తూచి పుస్తకములో వ్రాసికొన్నచో, అది ఆమెతో పోక ఊరికి మిగులును.